దోన్యా హుస్తీనా మెచ్చుకోలు

పోయిన వారం మీరు నన్ను ఏ కుర్చీలో వదిలి వెళ్లారో ఇప్పటికీ అందులోనే ఉన్నాను. మనాగ్వా నగరంలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఫోను మోగే గది అది. అందులో కిటికీ పక్కన మూడో బల్ల నాది. పేరు నూబియా తెర్సేరో, వయసు ఇరవై నాలుగు, ఉద్యోగంలో చేరి ఐదు వారాలు. ఫోను ఎత్తాలి, ఎక్కడో ఏమిటో కనుక్కోవాలి, కంప్యూటరులో రాయాలి, వైర్‌లెస్‌లో చెప్పి అంబులెన్సును పంపాలి. మూడు నెలల పరీక్షా కాలం గట్టెక్కితే ఉద్యోగం ఖాయం చేస్తారు.

మంగళవారం పొద్దున నేనేం చేశానో మీలో చాలామందికి తెలుసు. తెలియని వాళ్ల కోసం మళ్లీ చెబుతాను. చెప్పగా చెప్పగా అది కాస్త చిన్నదవుతుందేమోనని నాకింకా ఆశ. లియోన్సో పోతోయ్ అనే పెద్దాయన చెప్పులు కుడుతూ కుడుతూ ముక్కాలి పీట మీదే పక్కకి ఒరిగిపోయాడు. మూతి వంకర పోయింది. ఆయన భార్య ఫోను చేసి, గవియోతా బేకరీ నుంచి సరస్సు వైపు రెండు వీధులు, అక్కణ్ణించి పైకి, అంటే పొద్దు పొడిచే వైపు, అర వీధి, ఆకుపచ్చ గేటు అంది. మా ఊళ్లో చిరునామా అంటే అదే. ఇంటి నంబర్లు ఎవరికీ గుర్తుండవు. బేకరీ నుంచో, చింతచెట్టు నుంచో, డెబ్బై రెండులో భూకంపానికి కూలిన సినిమా హాలు నుంచో వీధులు లెక్కపెట్టుకుంటూ పోవాలి. చెట్టు నరికేసి ఇరవై ఏళ్లయినా, దుకాణం ఎత్తేసి ఇంకో చోటికి పోయినా జనం లెక్క మాత్రం పాత చోటు నుంచే సాగుతుంది. అందుకే మా గదిలో గోడ మీద ఎర్రటి అక్షరాలతో ఒక్కటే నియమం రాసి ఉంటుంది. ఇప్పుడున్న చోటా, ఇదివరకున్న చోటా అని అడగనిదే బండి కదలకూడదు.

గవియోతా బేకరీ మూడేళ్ల కిందట తొమ్మిది వీధుల అవతలికి మారింది. నేను రోజూ డ్యూటీకి వస్తూ రొట్టె కొనుక్కునేది ఆ కొత్త చోటే. అందుకని నేను అడగలేదు. నాకు తెలుసులే అనుకున్నాను. డ్రైవరు ఎవెలియో ఉర్రోస్, వయసుకి మర్యాదగా అందరం దోన్ ఎవెలియో అంటాం, వైర్‌లెస్‌లో ఏ చోటని అడిగితే, ఇప్పుడున్న చోటేనని ఠక్కున చెప్పేశాను. ఆయన అక్కడికి వెళ్లి, లేని ఆకుపచ్చ గేటు కోసం కనిపించిన తలుపల్లా కొట్టి, ఒక రొట్టెలమ్మే ఆవిడను అడిగి, విషయం తనే గ్రహించి పాత చోటికి చేరేసరికి ఇరవై ఆరు నిమిషాలు గడిచాయి. ఆ ఇరవై ఆరు నిమిషాలూ ఆ ఇల్లాలు ఫోనులో నా చెవి దగ్గరే ఏడుస్తూ ఉంది. ఇంకా రాలేదేమని ఆమె అడిగితే, డ్రైవరు దారి తప్పాడమ్మా అన్నాను.

అంతటితో ఆగానా? ఆగలేదు. ఫోను పెట్టేశాక కంప్యూటరులో ఆ ఫోను నమోదు మళ్లీ తెరిచి, బేకరీ అన్న దగ్గర 'ఇదివరకున్న చోటు' అని చేర్చాను. మాటలు రికార్డు చేసే యంత్రం ఈ నెల మొదటి నుంచీ పనిచెయ్యడం లేదు. కాబట్టి దోన్ ఎవెలియో నోటి మాట ఒకవైపు, నా తెర మీద రాత ఒకవైపు మిగిలాయి. పెద్దవాళ్లు రాతనే నమ్మారు. లియోన్సో గారు బతికారు గానీ కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. పింఛనుకు ఏడాదిన్నర ఉన్న దోన్ ఎవెలియోని బండి మీంచి దింపేశారు. సోమవారం విచారణ అయ్యేదాకా ఆయన పని పెరట్లో అంబులెన్సులు కడగడం. నా కిటికీలోంచి ఆయన వీపు, చేతిలో నీళ్ల గొట్టం కనిపిస్తాయి. మూడు రోజులుగా నేను కిటికీ వైపు తల తిప్పకుండా పని చేస్తున్నాను.

శుక్రవారం పదింటికి గేటు దగ్గరి కాపలాదారు వచ్చి, పోతోయ్ గారి భార్య నా కోసం వచ్చిందని చెప్పాడు. పోయిన వారం అక్కడే ఆగాం.

తిట్టడానికే వచ్చిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అనుకున్నాక కొంచెం ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఎవరో ఒకరు తిడితే బాగుండునని మూడు రోజులుగా లోలోపల ఎదురు చూస్తున్నాను.

పోతోయ్ గారి భార్య దోన్యా హుస్తీనా పొట్టి మనిషి. చర్చికి వెళ్లే గౌను వేసుకుని, గుడ్డ కప్పిన బుట్టతో వచ్చింది. గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాం. కాపలాదారు నన్ను చూపించబోతే ఆమె వద్దంది, గొంతును బట్టి తనే పట్టుకుంటానంది. ఒక్కొక్కరి చేతా శుభోదయం చెప్పించుకుంటూ వచ్చింది. పక్క బల్ల యామిలెత్ కావాలని ముద్దుముద్దుగా చెప్పింది. నువ్వు కాదు, నీ గొంతులో నిద్ర ఉంది అని ఆమెను దాటేసింది. అందరూ నవ్వారు. నా దాకా వచ్చేసరికి గొణిగినట్టు ఏదో అన్నాను. అంతే, బుట్ట కింద పెట్టి నా తల రెండు చేతుల్తో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"ఇదే గొంతు. నా తల్లే, ఆ రోజు నువ్వు లేకపోతే ఆయన కంటే ముందు నేను పోయేదాన్ని," అంది.

గదిలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. బుట్టలో ఉన్నవి రోస్కియాలు. మొక్కజొన్న పిండిలో చీజు కలిపి, చక్రాల్లా చుట్టి పొయ్యిలో గట్టిగా కాల్చినవి. రాత్రంతా కూర్చుని చేసిందట. ఆసుపత్రికీ ఇంటికీ తిరిగే మనిషి నా కోసం నిద్ర మానుకుందని తెలిసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తినమని నోటికందించింది. కొరికాను. నమలడం చేతకాక దవడలో పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన ఎలా ఉన్నారని యామిలెత్ అడిగింది. అడగవలసింది నేను, నాకు ధైర్యం చాల్లేదు. మునుపు రేడియోలో బేస్‌బాల్ ఆట వస్తే ఆయన ఆటగాళ్లకు పెట్టే చివాట్లు నాలుగిళ్ల దాకా వినిపించేవట. ఇప్పుడు నోట్లోంచి ఒక్క మాటే వస్తోందట, 'రేపు' అని. కాఫీ తాగుతావా అంటే రేపు, నొప్పి ఉందా అంటే రేపు. నర్సు పేరడిగినా రేపు. డాక్టరు నవ్వుతూ, ఈయన మన ప్రభుత్వ కచేరీల్లో పనికొస్తాడు అన్నాడట. అది చెప్పి దోన్యా హుస్తీనా తనూ నవ్వింది. నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది. ఇంకో పావుగంట ముందు తెచ్చి ఉంటే మాట నిలిచేదేమోనని కూడా ఆ డాక్టరే అన్నాడట.

అప్పుడు ఆమె గొంతు మారింది. తను రెండు పనుల మీద వచ్చానంది. ఒకటి నన్ను చూడటం, అది అయింది. రెండోది ఆ డ్రైవరు మీద ఫిర్యాదు ఇవ్వడం.

మా గది పెద్ద దోన్యా మెలానియా ఆమెను లోపలి అద్దాల గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఫోన్లలో మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతు బొంగురు పోయింది. మనిషి కఠినమే గానీ అన్యాయస్తురాలు కాదు. ఫిర్యాదు కాగితం మీద ఉండాలనీ, సంతకం పెట్టే ముందు ఆ కాగితాన్ని ఎవరి మీద ఇస్తున్నారో వాళ్ల ఎదుట పైకి చదివి వినిపించాలనీ చెప్పింది. మా ఆఫీసులో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి అది. చాటుగా ఎవరి మీదా ఏదీ రాయకూడదని పాత డైరెక్టరు ఒకాయన పెట్టి వెళ్లాడట. దోన్యా హుస్తీనా చదువుకునే కళ్లజోడు ఆసుపత్రిలో మర్చిపోయి వచ్చింది. అయితే నూబియా రాస్తుందిలే, మీకు ఆ పిల్లంటే గురి కదా అంది దోన్యా మెలానియా.

అలా ఆ కలం నా చేతికొచ్చింది. నేను చేసిన తప్పును ఇంకొకరి పేరు మీద నా చేతే రాయించడానికి ఎవరూ కుట్ర పన్నలేదు. అందరూ నా మీద ప్రేమతోనే చేశారు.

ఆమె చెప్పింది, నేను రాశాను. ఎన్ని గంటలకు ఆయన ఒరిగిపోయాడో, ఎన్ని గంటలకు ఫోను చేసిందో చెప్పింది. చిరునామా ఎలా చెప్పిందో మళ్లీ చెప్పింది. గవియోతా బేకరీ నుంచి సరస్సు వైపు రెండు, పైకి అర. నలభై ఏళ్లుగా అదే ఇల్లు, ఉత్తరాలు ఇచ్చేవాడు కూడా ఏనాడూ తప్పలేదంది. డ్రైవరుకు ఒళ్లు తెలియలేదనీ, తాగి ఉంటాడనీ రాయమంది. తాగి ఉన్నాడని మీరు చూశారా అని దోన్యా మెలానియా అడిగితే, చూడలేదు, దారి తప్పాడని పిల్ల చెప్పింది కాబట్టి అనుకున్నాను అంది. సరే, అనుకున్నది రాయొద్దు అంది ఆవిడ. ఇంతలో బయట పెద్ద బస్సు ప్రమాదం ఫోను వస్తే అద్దాల తలుపు తీసి, నాలుగు బండ్లు ఎటు పంపాలో అక్కణ్ణించే చెప్పడం మొదలుపెట్టింది.

దోన్యా హుస్తీనా నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు నీ గురించి రాసుకో. ఈ పిల్ల ఒక్క పిచ్చి ప్రశ్న వెయ్యలేదు అని రాయి. పోయినేడు మా చెల్లెలికి ఆయాసం వచ్చినప్పుడు ఇంకెవరో ఎత్తారు. బేకరీ ఇప్పుడున్న చోటా, ఇదివరకున్న చోటా అంటూ నా ప్రాణం తోడేసింది. నువ్వలా కాదు. బేకరీ అనగానే 'తెలుసమ్మా, వస్తున్నారు' అన్నావు. అది రాయి. నీలాంటి వాళ్లను పెద్దవాళ్లు చూడాలి."

నా చేతిలో కలం ఆగిపోయింది.

దోన్యా మెలానియా వీపు అటు తిరిగి ఉంది, ఆ మాట ఆవిడ చెవిన పడలేదు. వింటే చాలు, ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ గోడ మీది నియమం రాసింది ఆవిడే. నేను దోన్యా హుస్తీనా ముఖంలోకి చూశాను. కళ్లజోడు లేని ఆ కళ్లు నా వైపు ఆప్యాయంగా చూస్తున్నాయి. నేనేం రాస్తున్నానో ఆమెకు కనపడదు. అది నాకు తెలుసు. తెలిసే, 'ఫోను తీసిన అమ్మాయి నాతో మర్యాదగా మాట్లాడింది' అని రాసి చుక్క పెట్టాను. మంగళవారం చేసిన పని కంగారులో చేశానని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు కంగారు లేదు, తొందర లేదు, పక్కన నన్ను కూతురిలా చూసుకునే మనిషి ఉంది. ఇంత నీచురాలినని నాకే తెలియదు.

దోన్యా మెలానియా ఫోను పని ముగించి దోన్ ఎవెలియోని పిలిపించింది. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తడి బూట్లతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపల నేల పాడవుతుందని అడుగు పెట్టలేదు. దోన్యా హుస్తీనా ఆయన్ను గుర్తుపట్టి ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆ రోజు ఆమె భర్తను నేల మీంచి ఎత్తి భుజాన వేసుకుని సందులోంచి మోసుకొచ్చింది ఆయనే. పెద్దాయన ఎలా ఉన్నాడమ్మా అని ఆయన అడిగాడు.

చదవమని దోన్యా మెలానియా నాకు సైగ చేసింది. చదివాను. నా గొంతు బాగుంటుందని చిన్నప్పటి నుంచీ అంటారు. ఆ బాగున్న గొంతుతోనే, డ్రైవరు నిర్లక్ష్యం వల్ల నా భర్త మాట పోగొట్టుకున్నాడు అని ఆయన ఎదుట చదివాను. దోన్ ఎవెలియో నన్ను చూడలేదు, టోపీ తీసి చేత్తో పట్టుకుని నేల చూస్తూ విన్నాడు. చివరి వాక్యం కూడా చదివి కాగితం బల్ల మీద పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించబోయాను.

"అదేంటి? నీ మాట ఎగరగొట్టేశావేం?" అంది దోన్యా హుస్తీనా.

రాశానమ్మా అన్నాను. అది కాదు, నేను చెప్పినట్టు రాయలేదు అంది. పర్వాలేదులెండి, అంత అక్కర్లేదు అన్నాను. నా చెవులు మండిపోతున్నాయి. ఆమె దోన్యా మెలానియా వైపు తిరిగి, చూశారా, పొగిడితే ఎలా సిగ్గుపడుతోందో, ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలెక్కడున్నారు అని మురిసిపోయింది. దోన్యా మెలానియా కూడా నవ్వింది. ఐదు వారాల్లో ఆవిడ నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి.

"మంచి మాట దాచుకోవడమెందుకు నూబియా. ఆమె ఎలా చెప్పిందో అలాగే రాసి చదువు," అంది.

ఇంకేదో రాసి ఇంకేదో చదవచ్చునని అప్పుడు కూడా నాకు తోచింది. దాచను. మాట కొంచెం అటూ ఇటూ మారిస్తే దోన్యా హుస్తీనా మళ్లీ ఎత్తి చూపుతుందేమోనన్న భయం కూడా ఉంది. కానీ గుమ్మంలో ఆయన బూట్ల చుట్టూ నీళ్లు మడుగు కట్టాయి. ఆయన ఆ మడుగును చూసి, ఒక కాలు వెనక్కి తీసి, జేబు రుమాలుతో ఆ తడి తుడవడానికి వంగాడు. ఆ వయసు మనిషి అలా వంగడం చూశాక నా వల్ల కాలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రాసి చదివాను.

"ఈ పిల్ల ఒక్క పిచ్చి ప్రశ్న వెయ్యలేదు. బేకరీ ఇప్పుడున్న చోటా, ఇదివరకున్న చోటా అని అడిగి నన్ను విసిగించలేదు. బేకరీ అనగానే తెలుసమ్మా, వస్తున్నారు అంది."

దోన్యా మెలానియా నవ్వు ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత పోయింది. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. దోన్ ఎవెలియో లేచి నిలబడ్డాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, మంగళవారం నుంచీ నేను చెబుతున్నది అదేనండీ అని మాత్రం అన్నాడు. గొంతులో గెలిచిన గర్వం ఏమీ లేదు, అలసిపోయి ఉన్నాడంతే.

దోన్యా హుస్తీనాకి ఏమీ అర్థం కాలేదు. మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నేనేమన్నా తప్పు చెప్పానా, నా వల్ల పిల్లకేమన్నా ఇబ్బందా అని అడిగింది. అలాగైతే ఆ వాక్యం కొట్టేయండి, మంచి చేద్దామని చెప్పానంతే అంది. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది, నన్ను కాపాడటానికి అన్నట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆమెకి నువ్వే చెప్పు," అంది దోన్యా మెలానియా నాతో.

తప్పయింది అనడం తేలికే, ఏం తప్పో చెప్పకుండా ఆ మాట అనేసి కాళ్ల మీద పడిపోవచ్చు కూడా. చివరికి మంగళవారం నేను అడగవలసిందే అడిగాను.

"అమ్మా, మీ ఇంటికి లెక్కపెట్టుకునే ఆ బేకరీ ఇప్పుడున్న చోటా, ఇదివరకున్న చోటా?"

"ఇదివరకున్న చోటే. కొత్త బేకరీ దగ్గర మాకేం పని. మా వాడలో ఎవర్నడిగినా చెబుతారు," అంది ఆమె.

అని, ఆగింది. ఫోను చెవిన పెట్టుకుని ఆకుపచ్చ గేటు దగ్గర నిలబడి తను లెక్కపెట్టిన ఆ ఇరవై ఆరు నిమిషాలు ఆమె ముఖం మీద ఒక్కొక్కటే కనిపించాయి. ఆమె మెల్లగా గుమ్మం వైపు తిరిగి, వచ్చినప్పటి నుంచీ చూడని ఆ మనిషిని మొదటిసారి నేరుగా చూసింది. మిమ్మల్ని ఎక్కడికి పంపింది అని అడిగింది. ఇప్పుడున్న చోటికి అన్నాడు దోన్ ఎవెలియో. ఆమె వేళ్లు నా చేతి మీంచి జారిపోయాయి. ఆ చెయ్యి తీసుకెళ్లి తన ఒళ్లో పెట్టుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

అప్పుడు దోన్యా మెలానియా కంప్యూటరు తెరను తన వైపు తిప్పుకుంది. మంగళవారం నమోదు తీసింది. అందులో బేకరీ పక్కన నేను చేర్చిన మాట మీద వేలు పెట్టింది.

"నువ్వు అడగలేదు, ఆమె చెప్పలేదు. మరి 'ఇదివరకున్న చోటు' అని ఇందులోకి ఎలా వచ్చింది నూబియా? ఇది ఎన్ని గంటలకు చేరిందో పై అంతస్తులో కంప్యూటర్లు చూసే వాళ్లనడిగితే నిమిషంతో సహా చెబుతారు. వాళ్లనడగనా, నువ్వు చెబుతావా?"

దోన్యా హుస్తీనా కుర్చీని నా వైపు జరుపుకుని, నేనేం చెబుతానో వినడానికి ముందుకు వంగింది.